నాలుగో లోపం

బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి, చెయ్యి తుడుచుకుని, విజయకుమారి మళ్ళీ వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. రాత్రికల్లా సమీక్ష పూర్తి కావాలి. గురువారం పొద్దున పిచ్చేశ్వరరావుగారి ప్రెస్సులో ఇస్తేగానీ శనివారం పత్రికలో రాదు.

సినిమా పేరు ‘ఉస్ పార్ కౌన్’. అవతల ఎవరు అని అర్థం. బందరులో హిందీ సినిమా ఆడటమే ఏడాదికి నాలుగైదు సార్లు. ఆడినప్పుడల్లా ‘బందరు కెరటం’ వారపత్రికలో దాని మీద అరపేజీ రాయటం విజయకుమారి వంతు. గర్ల్స్ హైస్కూల్లో హిందీ టీచరు, ఊళ్ళో హిందీ అర్థమయ్యే కొద్దిమందిలో ఒకతె, పైగా దాక్షిణ్యం లేకుండా రాస్తుందని పేరు, వీధిలో చూస్తే గుర్తుపట్టేవాళ్ళు చాలామంది. సమీక్ష కింద ఆమె ఇంటి ఫోన్ నెంబరు కూడా వేస్తారు, పాఠకులు మాట్లాడటానికి.

కథ చిన్నది. బొంబాయిలో ఏడో అంతస్తులో ఉండే ఒక ఇల్లాలికి రోజూ సాయంత్రం ఎవడో ఫోన్ చేస్తుంటాడు. ఆమె ఏ రంగు చీర కట్టుకుందో, కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడిందో చెప్పి పెట్టేస్తుంటాడు. ఇంటర్వెల్ దాకా ఒక్క పాట లేదు. వాడి ముఖం చూపించలేదు. సంగీతం ఆగిపోయి, ఫోన్ ఒక్కటే మోగుతుంటే తడిచేతులతో ఆవిడ దాని వంక చూస్తూ నిలబడినప్పుడు, కాగితాలు చింపి ఎగరేసే ముందు బెంచీల వాళ్ళు కూడా నోళ్ళు మూసుకున్నారు. ఈ గుణాలన్నీ విజయకుమారి మనసారా మెచ్చుకుంటూ రాసింది. ఆ నటి ముఖంతో కాదు, చేతులతో నటించిందని రాసింది.

తరవాత లోపాలు. ఇంటర్వెల్ అవగానే నవ్వించటానికి ఒక ఇనస్పెక్టరు దిగాడు. ఒకటి. సందర్భం లేకుండా మంచుకొండల్లో పాట వచ్చింది. రెండు. మూడోది, చివర్లో వాడి ముఖం చూపించి, చిన్నప్పుడు తల్లి కొట్టేదని ఒక కథ చెప్పారు. ‘ముఖం కనపడగానే భయం చచ్చిపోయింది’ అని రాసింది.

అన్నం వార్చి వచ్చి నాలుగోది రాసింది. అది రాసేటప్పుడు కలం ఆగలేదు.

‘అన్నిటికంటే పెద్ద లోపం ఇది. చదువుకున్న ఆడది, పక్కన భర్త ఉన్న ఆడది, ఎవరికీ చెప్పకుండా రెండు గంటలు ఏడుస్తూ కూర్చుంటుందా? మొదటి రోజే ఇంట్లో చెప్పి పోలీసు స్టేషనుకి వెళ్తే కథ అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అయిపోకూడదు కాబట్టి దర్శకుడు ఆమె నోరు కుట్టేశాడు.’

గురువారం ప్రెస్సులో నిలబడే చదివాడు పిచ్చేశ్వరరావు. "నాలుగోది అదిరిందమ్మా. ఇది చదివితే ఆ డైరెక్టరు ఇంకో సినిమా తియ్యడు" అన్నాడు.

*

సోమవారం సాయంత్రం స్కూలు వదిలాక గేటు పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. పలచటి మనిషి, ఇస్త్రీ చేసిన వాయిల్ ఓణీ. చేతిలో ‘కెరటం’ నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది.

"టీచర్ గారూ, నా పేరు రోజా అండి. పోలీసు స్టేషన్ వీధిలో ఎస్టీడీ బూత్ ఉంది కదండీ, పోతయ్యగారిది. అందులో చేస్తున్నానండి."

"చెప్పమ్మా."

"సినిమా నేను చూళ్ళేదండి. హిందీ రాదు. మీరు రాసింది చదివానండి." పత్రిక మడత విప్పి మళ్ళీ మడిచింది. "నాలుగోది తప్పండి."

విజయకుమారి నవ్వబోయింది. ఆ పిల్ల కళ్ళు చూసి మానేసింది.

ఇద్దరూ గోడ నీడకి జరిగారు. రోజా తల ఎత్తకుండా చెప్పింది. మూడు నెలలనించి బూతుకి ఫోన్ వస్తోంది. ఆదివారం తప్ప రోజూ, సాయంత్రం ఆరు దాటాక, బూతులో ఎవరూ లేని టైము చూసుకుని. ఇవాళ పూలు పెట్టుకోలేదేం అంటాడు. ఆ గాజులు కొత్తవా అంటాడు. తరవాత్తరవాత ఇంకా వేరే మాటలు. ఆ వేరే మాటలు చెప్పలేదు. బూతుకి వచ్చే ఫోన్ ఎత్తకుండా ఉండటానికి లేదు, దివిసీమ నించి, కృత్తివెన్ను నించి జనం ఆ నెంబరుకే చేసి తమవాళ్ళని పిలవమంటారు.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పనండీ? మా అత్తకి చెప్తే రేపటి బస్సుకే నన్ను మా ఊరు హంసలదీవి పంపించేద్ది. అక్కడేముందండీ, పొద్దస్తమానం రొయ్య తలకాయలు గిల్లుకోటమే. పోతయ్యగారికి చెప్తే నా చోట్లో మగపిల్లాణ్ణి పెట్టుకుంటాడు. ఆయన మంచోడేనండి. అయినా పెట్టుకుంటాడు." పత్రిక చూపించింది. "మీ సినిమాలో ఆవిడకి ఏం భయమో నాకు తెలీదండి. ఏదో ఒకటి ఉండే ఉంటది కదండీ. మీరు అడక్కుండా రాసేశారు."

విజయకుమారికి ఆ మాట గుచ్చుకుంది. తను రాసింది తప్పని ఒప్పుకోవటం కంటే రైటని చూపించటం తేలికనిపించింది.

"రేపు ఇదే టైముకి బూతు దగ్గరికి వస్తాను. ఇద్దరం స్టేషనుకి వెళ్దాం. నేనుంటానుగా, నీకేం భయం లేదు."

మంగళవారం ఆమె నీలం రంగు మంగళగిరి చీర కట్టుకుంది. పేరెంట్స్ మీటింగులకి కట్టుకునే చీర అది. కట్టుకుంటే మాట గట్టిగా వస్తుందని ఆమెకి నమ్మకం. బూతు నించి స్టేషను యాభై గజాలు. హెడ్ కానిస్టేబులు మర్యాదగా లేచి, "కూర్చోండి మేడమ్" అని ఆమెకి కుర్చీ వేయించాడు. రోజాకి బెంచీ చూపించాడు.

"ఏం మాట్లాడతాడు?"

రోజా పూల సంగతి, గాజుల సంగతి చెప్పింది.

"అంతేనా? దానికే ఇంతదూరం వచ్చారా? ఇంకా ఏమంటాడు? ఉన్నదున్నట్టు చెప్పు, రాసుకోవాలిగా."

రోజా చెప్పింది. వినపళ్ళేదన్నాడు. మళ్ళీ చెప్పింది. పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న రైటరు రాయటం ఆపాడు. రోజా బొటనవేలి గోరు బెంచీ అంచు మీద ముందుకీ వెనక్కీ కదులుతోంది. విజయకుమారి రెండుసార్లు కల్పించుకోబోయింది. రెండుసార్లూ హెడ్ కానిస్టేబులు చెయ్యి ఎత్తి, "ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు.

"పెళ్ళి కాలేదుగా? ఎవరికన్నా మాటిచ్చి తప్పుకున్నావా?"

"లేదండి."

"ఫోన్ ఎవరి పేరు మీద ఉంది?"

"పోతయ్యగారి పేరు మీదండి."

హెడ్ కానిస్టేబులు కలం మూత పెట్టాడు. "మరి ఆయన రావాలి. నీది కాని ఫోన్‌కి నువ్వు కంప్లైంట్ ఇస్తే చెల్లదు."

బయటికి వచ్చి మెట్లు దిగారు. కుచ్చిళ్ళు పట్టుకుని దిగుతూ ఏదో ఒకటి అనాలని వెతుక్కుంది విజయకుమారి. రోజాయే అంది, ఎవరినీ తప్పు పట్టకుండా: "చెప్పామండి."

*

మర్నాడు సాయంత్రం ఆరు కొట్టేసరికి కరెంటు పోయింది. విజయకుమారి వంటింట్లో చింతపండు పిసుకుతోంది. కూతురు భవిత కొవ్వొత్తి ముందు ఎక్కాలు రాసుకుంటోంది. ముందుగదిలో ఫోన్ మోగింది.

"విజయకుమారిగారేనా అండీ? కెరటంలో సినిమాల గురించి రాస్తారు..."

"అవునండి, చెప్పండి."

"మీ పాఠకుణ్ణండి. ఈవారం సమీక్ష చాలా బాగా రాశారండి."

మెత్తటి గొంతు. వయసు తెలియటం లేదు. ఎవరో కాలేజీ లెక్చరరు అనుకుంది. చింతపండు చెయ్యి చీరకి తగలకుండా దూరంగా పెట్టుకుని నవ్వుతూనే, "సంతోషమండీ" అంది.

"ముఖ్యంగా నాలుగో లోపం అండి. ఆడవాళ్ళు చెప్పాలండి. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? నిన్న మీరు వెళ్ళి చెప్పారు కదండీ." అవతల చిన్న దగ్గు. "ఏమైందండీ?"

ఆమె ముందుగది కిటికీ వంక చూసింది.

"స్టేషన్ మెట్లు దిగేటప్పుడు కుచ్చిళ్ళు ఎడంచేత్తో పట్టుకుని దిగారు. నీలం మీకు నప్పుతుందండి. ఉంటానండి."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినపడింది. రిసీవరు ఇంకా చెవికే ఉంది. చింతపండు పులుసు మోచేతి దాకా కారి చీర మీద బొట్లు పడుతోంది. బూతులు తిడితే కోపం వచ్చేదేమో. ఆ ‘అండీ’ల మీద కోపం కూడా రాదు. రోజూ ఊరంతా తనతో మాట్లాడేది అలాగే. కూరగాయల వాడు, పాలవాడు, హెడ్ మాస్టరు, పేరెంట్సు, అందరిదీ అదే మర్యాద, అదే గొంతు.

ఏడింటికి భర్త కొండలరావు వచ్చాడు. నీటిపారుదల ఆఫీసులో గుమస్తా. నెమ్మదైన మనిషి, ఇంట్లో గొంతెత్తి ఎరగడు. చెప్పులు విప్పుతూ అలవాటుగా అడిగాడు: "ఫోన్లేమన్నా వచ్చాయా?"

"లేదండి" అంది విజయకుమారి.

ఆ మాట తనే అందని తెలియటానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది. మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చేటప్పుడు చెప్దామనుకుంది. అన్నం పెట్టేటప్పుడు చెప్దామనుకుంది. చెప్తే ఏమవుతుంది? ఎవడు? నీకెలా తెలుసు? స్టేషనుకి ఎందుకెళ్ళావు? పత్రికలో నెంబరెందుకు వేయించావు? ప్రశ్నలన్నీ ముందే వినపడ్డాయి. వాటికి జవాబులు కూడా తన దగ్గర ఉన్నాయి. అయినా చారు వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం ఆమె బూడిదరంగు వాయిల్ చీర కట్టుకుని స్కూలుకి వెళ్ళింది. దారిలో ఒక సైకిలు వెనకే వస్తున్నట్టనిపించి సోడాకొట్టు ముందు ఆగింది. సైకిలు దాటి వెళ్ళిపోయింది, దాని మీద ముసలాయన, వెనక గడ్డిమోపు. తొమ్మిదో తరగతిలో పాఠం చెప్తూ కిటికీలోంచి వీధి వంకే చూసింది. మధ్యాహ్నం సోషల్ మాస్టరు "మీ సమీక్ష చదివానండీ, బాగుంది" అంటే చేతిలో గ్లాసు కిందపెట్టి ఆయన గొంతు మళ్ళీ మనసులో వినిపించుకుంది. ఇది కాదు. ఇదేనేమో. ఆ సాయంత్రం ఇంటికొచ్చి వీధివైపు కిటికీలు రెండూ మూసింది. "ఉక్కపోస్తోందమ్మా" అంది భవిత. "దోమలు" అంది విజయకుమారి.

ఆరుంపావుకి ఫోన్ మోగింది. ఎత్తలేదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ దాని ముందు నిలబడింది. ఇరవై రెండుసార్లు మోగి ఆగింది.

శుక్రవారం నీళ్ళు పట్టుకోవటానికి పెరట్లోకి వెళ్ళింది. పంపు చప్పుడులో ఫోన్ వినపళ్ళేదు. బిందె భుజాన పెట్టుకుని వచ్చేసరికి భవిత కుర్చీ ఎక్కి రిసీవరు పట్టుకుని కబుర్లు చెప్తోంది.

"అమ్మా, నీకే. ఎవరో అంకులు. అమ్మకి నీలం చీరలు ఎన్ని ఉన్నాయి అని అడిగారు. రెండని చెప్పా. నేనే క్లాసో కూడా అడిగారు."

బిందె ఎక్కడ పెట్టిందో, ఎలా పెట్టిందో ఆమెకి తెలియదు. రిసీవరు లాక్కుని చెవికి పెట్టుకుంటే అవతల ఎవరూ లేరు.

*

కొండలరావు అంతా విన్నాడు. భవిత పక్కగదిలో ఆడుకుంటోంది. ఆయన లేచి ఆ గది తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"మొదటి ఫోన్ ఎప్పుడు?"

"బుధవారం."

"ఇవాళ శుక్రవారం." వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు: "ఎందుకు చెప్పలేదు?"

విజయకుమారి చాపమీద ఈనె ఒకటి పీకుతూ కూర్చుంది. పదహారేళ్ళుగా పిల్లలకి ప్రశ్నలిచ్చి జవాబులు రాయించే మనిషి.

"నాకు తెలీదండి" అంది చివరికి.

ఆయన పాపని తీసుకుని గుడివాడ వెళ్ళి పుట్టింట్లో పదిరోజులుండమన్నాడు. ఫోన్ వైరు పీకేస్తే సరిపోతుందన్నాడు. ఆ రాతలు కొన్నాళ్ళు ఆపమన్నాడు. ఒకదాని తరవాత ఒకటి నెమ్మదిగా, పొలానికి నీళ్ళు ఏ బోదె మూసి ఏ బోదె తియ్యాలో చెప్పినట్టు.

"టెలిఫోన్ ఎక్స్చేంజిలో మాణిక్యమ్మగారని ఉన్నారు" అంది విజయకుమారి. "వాళ్ళమ్మాయి నా దగ్గరే చదివింది. ఇవాళ స్కూలు నించి ఫోన్ చేసి అడిగాను. కంప్లైంట్ రాసిస్తే లైను మీద నిఘా పెట్టి ఏ నెంబరో తీస్తారట. కానీ సంతకం మీరు పెట్టాలి. ఫోన్ మీ పేరు మీద ఉంది."

ఆయన ఆమె వంక చూశాడు. అలా చూడటం ఆమె ఎప్పుడూ ఎరగదు. తను చెప్పకుండా దాచిందనో, సంతకం కోసమే చెప్పిందనో అనుకుంటున్నాడేమో. లేచి కలం తెచ్చుకుని తనే అర్జీ రాశాడు. గుండ్రటి గుమస్తా దస్తూరీ. సంతకం పెట్టి ఇచ్చాడు. ఆమె చదివింది. ఇంటి నెంబరు ఒక్కటే ఉంది.

"బూతు సంగతి?"

"అది మనకెందుకు విజయా? మన వరకు చూసుకుందాం. ఆ అమ్మాయి ఇంటికి కూడా రాకుండా చూడు."

సంతకం లేకపోతే ఏమీ జరగదు. విజయకుమారి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆయన మంచివాడు. రోజా పోతయ్య గురించి అన్నమాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

శనివారం మాణిక్యమ్మ అర్జీ తీసుకుని చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "వాడు చేసినప్పుడు వెంటనే పెట్టెయ్యకండి మేడమ్. ఒకటి రెండు నిమిషాలన్నా లైన్లో ఉంచండి. ఎప్పుడొచ్చిందో గడియారం చూసి రాసి పెట్టుకోండి. నెంబరు పోలీసులకే ఇవ్వాలని రూలు. సరే, చూద్దాం."

ఇన్నాళ్ళూ ఫోన్ రాకూడదని దణ్ణం పెట్టుకున్న మనిషి ఇప్పుడు రావాలని ఎదురుచూడవలసి వచ్చింది. శనివారం రాలేదు. ఆదివారం సాయంత్రం భవితని పక్కింటికి పంపి, ఫోన్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. రాలేదు. వాడికి నిఘా సంగతి తెలిసిపోయిందా? ఎక్స్చేంజిలో మనిషా? కూర్చున్నచోటే కాగితం తీసుకుని రాయటం మొదలుపెట్టింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది.

‘రెండు వారాల కిందట నేను నాలుగో లోపంగా చెప్పింది లోపం కాదు. ఆ సినిమాలో నిజం అదొక్కటే. దర్శకుడు ఆమె నోరు కుట్టలేదు. కుట్టేసి ఉన్న నోటిని చూపించాడు. అది నాకు కనపళ్ళేదు.’

సోమవారం ఆరూ ఎనిమిదికి ఫోన్ మోగింది. కొండలరావు ఇంకా రాలేదు. మూడో గంటకి ఎత్తింది. నోట్‌బుక్కు మీద టైము రాసింది. అంకెలు వంకరపోయాయి.

"బాగున్నారా అండీ? కిటికీలు మూసేస్తున్నారేమో, ఉక్కగా ఉంది కదా."

కిటికీలు! వీధి తలుపు గడియ వంక చూసింది. వేసే ఉంది. ఏం మాట్లాడాలి? రెండు నిమిషాలు ఏం మాట్లాడాలి? నోటికి వచ్చింది ఒకటే.

"ఆ సినిమా మీరు చూశారా?"

అవతల గొంతు మారింది. సంతోషం అది. "నాలుగుసార్లు చూశానండి! ఎవరూ అడగలేదు నన్ను. మొదటి సగం... ఏం తీశాడండీ! ఆ ఫోన్ మోగే చోట్ల సంగీతం ఆపేశాడు చూడండి, అది ఎంతమందికి తెలుస్తుంది? మీరొక్కరే పట్టుకున్నారు."

"తరవాతి సగం?"

"అదా అండీ? ఒక్కసారే చూశాను. మిగతా మూడుసార్లూ ఇంటర్వెల్లో లేచి వచ్చేశాను."

"ఎందుకని?"

"మీరే రాశారు కదండీ, ముఖం కనపడ్డాక ఇంకేముంటుంది?"

గడియారంలో పెద్దముల్లు జరిగింది. అతను చెప్తూనే ఉన్నాడు. పాట అనవసరమన్నాడు, ఇనస్పెక్టరు దండగన్నాడు. తను రాసిన ప్రతి వాక్యమూ కంఠతా వచ్చు అతనికి. ఇంత శ్రద్ధగా తనని చదివిన పాఠకుడు ఇంకొకడు లేడు. విజయకుమారి రిసీవరు చెవి నించి కొంచెం దూరంగా పట్టుకుంది. ఆరూ పన్నెండుకి అతనే, "గిరాకీ వచ్చిందండి, ఉంటాను" అని పెట్టేశాడు. ఆమె నోట్‌బుక్కులో మొదటి టైము కింద ఆ టైమూ రాసింది.

*

మంగళవారం మధ్యాహ్నం సెలవు పెట్టింది. ముందు ప్రెస్సుకి వెళ్ళి కాగితం ఇచ్చింది. పిచ్చేశ్వరరావు చదివి కళ్ళజోడు పైకి నెట్టాడు.

"సినిమా వెళ్ళిపోయిందిగా అమ్మా. అయినా అందరూ మెచ్చుకున్నదే ఆ ముక్క. ఇప్పుడు కాదంటే ఎలా?"

"వెయ్యండి. ఫోన్ నెంబరు మాత్రం తీసెయ్యండి."

ఆయన ఇంకేదో అడగబోయి ఆమె ముఖం చూసి తల ఊపాడు.

ఎక్స్చేంజి వరండాలో మాణిక్యమ్మ మందుల చీటీ అంత కాగితం ముక్క అరచేతిలో పెట్టి మూసింది. "నేనిచ్చానని ఎవరికీ చెప్పకండి మేడమ్."

ఒక నెంబరు. ‘ఎన్. కాంతారావు, ఫోటో ఫ్రేములు.’ విజయకుమారి ఆ పేరు రెండుసార్లు చదివింది. ఏ ముఖమూ గుర్తు రాలేదు. ఇంటికి వెళ్ళి భర్తకి ఇవ్వాలి. రిక్షా ఎక్కాక, బూతు ఉన్న వీధి పేరు చెప్పింది.

రోజా కాగితం చూసి, "ఇది ఈ వీధి నెంబరేనండి" అంది. పేరు చూసి, అద్దాల తలుపులోంచి ఎదర్రోడ్డు వంక చూసింది. "ఆయనా? మా బూతుకి ఎప్పుడూ రాలేదండి. తలెత్తి చూడగా కూడా నేను చూళ్ళేదు."

ఎదురుగా, రోడ్డుకి అవతల, చిన్న కొట్టు. గోడ నిండా దేవుళ్ళు, దండలు వేసిన చనిపోయినవాళ్ళ ఫోటోలు. యాభై దాటిన మనిషి ముక్కాలి పీట మీద కూర్చుని బల్ల మీద గాజుపలక పెట్టి కోస్తున్నాడు. స్కేలు ఆనించి, కలంలాంటి కోత పరికరంతో ఒక్క గీత గీసి, రెండు బొటనవేళ్ళతో సున్నితంగా నొక్కితే గాజు రెండయింది. ఎదురుగా చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని ఒకావిడ, పక్కన ఆమె తల్లి కాబోలు ఒక పెద్దావిడ ఫ్రేము కోసం నిలబడి ఉన్నారు.

విజయకుమారి ఆ పీట వంక చూసింది. అక్కణ్ణించి నేరుగా చూస్తే బూతు. తల కొంచెం తిప్పితే స్టేషన్ మెట్లు. అంతే. అంతకు మించి అతనికి ఏమీ కనపడదు. తన ఇల్లు కనపడదు, స్కూలు కనపడదు. కిటికీల మాట ఊహించి అన్నది. ఉక్కపోతకి ఊళ్ళో ఎవరి కిటికీల గురించి అన్నా సరిపోయేదే. వారం రోజులుగా ఊరంతా నిండిపోయినవాడు ఆ వీధి ముక్క దాటి లేడు.

"ఈ కాగితం తీసుకెళ్ళి స్టేషన్లో..." అని మొదలుపెట్టింది. రోజా ఆమె వంక చూసింది. విజయకుమారి కాగితం ఫోన్ పక్కన పెట్టింది.

రోజా రిసీవరు ఎత్తి నెంబరు నొక్కింది. అవతల కొట్లో ఫోన్ మోగటం రోడ్డు దాటి వినపడింది. అతను కోత పరికరం పక్కన పెట్టి, చెయ్యి పంచెకి తుడుచుకుని ఎత్తాడు.

"హలో, చెప్పండి."

"గళ్ళ చొక్కా వేసుకున్నారండి" అంది రోజా. గొంతు సన్నగా ఉంది, కానీ తెగలేదు. "పై గుండీ పెట్టుకోలేదు. ఎడంచేతికి రాగి కడియం ఉంది. ఇప్పుడు ఆ చెయ్యి బల్ల మీద పెట్టారు."

అతను తలెత్తాడు. మామూలు ముఖం. నుదుట బొట్టు, దారం కట్టిన కళ్ళజోడు. అద్దం వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు తన వంకే చూస్తుండటం చూశాడు. కడియం ఉన్న చెయ్యి బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మళ్ళీ తీశాడు. రిసీవరు పెట్టేశాడు.

రోజా మళ్ళీ నొక్కింది. విజయకుమారి ఆమె మణికట్టు పట్టుకుంది, ఆపటానికి కాదు.

ఫోన్ మోగుతోంది. అతను దాని వంక చూస్తున్నాడు, తియ్యటం లేదు. ఒక బస్సు అడ్డం వచ్చి పోయింది. ఇంకా మోగుతోంది. గిరాకీకి వచ్చిన పెద్దావిడ అతనితో ఏదో అంది. అతను కదల్లేదు. పెద్దావిడ విసుగ్గా చెయ్యి చాపి తనే ఎత్తింది.

"ఎవరండీ? ఈయన ఉలకడు పలకడు. ఏం కావాలి మీకు?"

"నేను ఎదురు బూతులోంచి మాట్లాడుతున్నానండి. నా పేరు రోజా. ఆయన గురించి మీకొక సంగతి చెప్పాలండి."

రోడ్డుకి అవతల పెద్దావిడ ఇటు తిరిగింది. రిసీవరు ఈ చెవి మార్చి ఆ చెవికి పెట్టుకుంది.

"చెప్పమ్మా, వింటున్నాను."